అంకె చెప్పిన మాట – చెప్పని మాట

నిజామాబాదు జిల్లాలో ఆర్మూరు ఒక ప్రసిద్ధమైన పట్టణము. ఊరిని ఆనుకొని నవనాథ సిద్ధుల గుట్ట కలదు. ఆ గుట్టమీది పెద్ద పెద్ద బండల నడుమ నిలిచి చూచినచో నలుదిక్కుల పంటచేలు కన్పట్టును. ఆ చేలలో పేరుపొందిన పంట పసుపు. ఈ ప్రాంతపు రైతులు తమ పసుపును నిజామాబాదు మార్కెట్ యార్డునకు కొనిపోయి అమ్ముదురు. కొందరు మహారాష్ట్రములోని సాంగ్లి వరకును తరలింతురు.

పసుపు పండించు ఇంటిలో తెల్లవారినది మొదలు అంకెలతోనే పని. కాంటాపై తూకము ఒక అంకె. చీటీలో వ్రాసిన ధర ఒక అంకె. రేడియోలో వినవచ్చు వర్షపాతము ఒక అంకె. ఆ ఇంటి బాలుడు పత్రికలో ఆతురతతో వెదకు క్రికెట్ పరుగులును అంకెలే. అంకె అబద్ధమాడదని పలువురు తలంతురు. అది కొంతవరకే నిజము. అంకె అబద్ధమాడకపోవచ్చును గాని, అడుగనిదే నిజమంతయు చెప్పదు. కావున ఏ అంకె ఎదురైనను మూడు ప్రశ్నలు వేయవలెను. ఏది లెక్కించిరి? దేనిచేత భాగించిరి? ఆ లెక్కలో ఏది మరుగుపడినది? ఈ మూడు ప్రశ్నలు వేయుట ఎరిగినవాడు అంగడిలోను, ఆటలోను, పొలములోను మోసపోడు.

మొదటి ప్రశ్నకు పసుపు పంటయే మంచి ఉదాహరణము. వానకాలపు తొలిదినములలో నాటిన పసుపు ఎనిమిది తొమ్మిది నెలలు భూమిలో నుండును. ఆకులు ఎండిన పిమ్మట దుంపలను త్రవ్వి తీసి, ఉడికించి, పది పదునైదు దినములు ఎండబెట్టుదురు. తరువాత పీపాలో వేసి త్రిప్పి మెరుగుపెట్టుదురు. 100 కిలోల పచ్చిపసుపు ఈ పనులన్నియు ముగియునప్పటికి సుమారు 20 మొదలు 25 కిలోల ఎండుపసుపు అగును. ఒక రైతు తన ఎకరములో 100 క్వింటాళ్ళు పండినదనియు, వేరొక రైతు తన ఎకరములో 25 క్వింటాళ్ళు పండినదనియు చెప్పిరనుకొందము. మొదటివాడు నాలుగు రెట్లు పండించెనని తొందరపడి ఎంచరాదు. ఒకడు పచ్చిదుంపను తూచియుండవచ్చును. వేరొకడు ఎండుకొమ్మును తూచియుండవచ్చును. అప్పుడు ఇరువురి పంటయు ఇంచుమించు సమానమే. అంకెలు వేరైనవి గాని ఫలము వేరు కాలేదు.

ఎండుపసుపులోను కొంత తేమ మిగిలియుండును. దీనియందు ఒక వింత లెక్క కలదు. 100 కిలోల సరకులో నూటికి 20 వంతులు తేమ యున్నదనుకొందము. దానిని మరల ఎండబెట్టి తేమను నూటికి 10 వంతులకు దింపినచో తూకము ఎంత తగ్గును? పది కిలోలని చాలమంది వెంటనే చెప్పుదురు. అది పొరపాటు. మొదటి సరకులో నీరుగాక మిగిలిన గట్టిపదార్థము 80 కిలోలు. ఎంత ఎండబెట్టినను ఈ 80 కిలోలు తరుగవు. క్రొత్త తూకములో ఇవి నూటికి 90 వంతులు కావలెను. 80ని 90చే భాగించి 100చే గుణించినచో సుమారు 88.9 కిలోలు వచ్చును. అనగా తూకము 11 కిలోలకు పైగా తగ్గినది. నూటికి ఇన్ని వంతులు అన్నప్పుడు, ఏ నూటికి అని అడుగవలెను. ఎండక ముందరి నూరు వేరు, ఎండిన పిమ్మటి నూరు వేరు.

ఏది లెక్కించిరి అను ప్రశ్న తరగతి గదిలోను ఉపయోగించును. 40 మంది విద్యార్థులున్న తరగతిలో ఏ ఇద్దరి పుట్టినదినమైనను ఒకటే యగుట సంభవమా? సంవత్సరమునకు 365 దినములుండగా 40 మందిలో అట్టి కలయిక అరుదని తోచును. కాని గణితము వేరొక విధముగా చెప్పుచున్నది. అట్టి కలయికకు నూటికి 89 వంతుల అవకాశము కలదు. 23 మందియే యున్నను అవకాశము సగమును మించును. దీనికి కారణము సులభము. ఇచ్చట లెక్కింపవలసినది విద్యార్థులను కాదు, జతలను. 23 మందిలో 253 జతలు కలవు. 40 మందిలో 780 జతలు కలవు. ఇన్ని జతలలో ఒకటియైనను కలియుట ఆశ్చర్యము కాదు. లోకములో వింతలని చెప్పుకొను అనేక విషయములు, లెక్కింపవలసినదానిని లెక్కింపకపోవుట వలన పుట్టిన వింతలే.

ఇక రెండవ ప్రశ్న. దేనిచేత భాగించిరి? పసుపులో సన్నని కొమ్ములను ఈ ప్రాంతమున కాడి యనియు, ఉండవంటి తల్లిదుంపను గోళ యనియు పిలుతురు. కాడికి ధర ఎక్కువ, గోళకు తక్కువ. ఒక రైతు యొద్ద 10 క్వింటాళ్ళ కాడియు, 5 క్వింటాళ్ళ గోళయు కలవనుకొందము. కాడి ధర క్వింటాలునకు 12,000 రూపాయలు, గోళ ధర 9,000 రూపాయలు అనుకొందము. ఎవడైన వచ్చి, “రెండు ధరల సగటు 10,500 రూపాయలు. సరకంతయు ఆ ధరకే ఇమ్ము. నీకును నష్టము లేదు, నాకును నష్టము లేదు” అని పలికినచో ఆ మాట న్యాయముగానే వినిపించును. కాని లెక్క వేసి చూడవలెను. కాడికి రావలసినది 1,20,000 రూపాయలు. గోళకు రావలసినది 45,000 రూపాయలు. వెరసి 1,65,000 రూపాయలు. దీనిని 15 క్వింటాళ్ళచే భాగించినచో సగటు ధర 11,000 రూపాయలు. అనగా 10,500 రూపాయల ధరకు ఒప్పుకొన్న రైతునకు క్వింటాలునకు 500 రూపాయల వంతున 7,500 రూపాయలు నష్టము. వచ్చినవాడు ధరలను కూడి రెండుచే భాగించెను. భాగింపవలసినది సొమ్మును, అదియును క్వింటాళ్ళచే. తొమ్మిది నెలలు ఎండలో వానలో శ్రమించి సంపాదించిన సొమ్ము ఒక్క భాగహారములో చేజారిపోవును.

పసుపు ధర ప్రతి సంవత్సరము ఒకే తీరుగ నుండదు. 2019 ప్రాంతమున క్వింటాలు ఐదారు వేల రూపాయలకు దిగిన ధర, 2024లో మేలిరకమునకు పదునైదు వేలను దాటెను. ధర పడిపోయిన ఆ 2019వ సంవత్సరమున నిజామాబాదు ప్రాంతపు రైతులు పసుపునకు క్వింటాలుకు 15,000 రూపాయలును, ఎర్రజొన్నకు 3,500 రూపాయలును మద్దతు ధరగా ఇప్పింపవలెననియు, పసుపు బోర్డును నెలకొల్పవలెననియు కోరిరి. తమ మొర దేశమునకు వినిపించుటకై వారు ఒక క్రొత్త మార్గము త్రొక్కిరి. ఆ యేటి ఏప్రిల్ 11న జరిగిన లోకసభ ఎన్నికలో నిజామాబాదు నియోజకవర్గము నుండి 178 మంది రైతులు అభ్యర్థులుగా నిలిచిరి. ఇతరులతో కలిసి అభ్యర్థుల సంఖ్య 185 ఆయెను.

ఇచ్చట ఎన్నికల అధికారులకు ఒక భాగహారపు చిక్కు వచ్చినది. ఓటు వేయు యంత్రములో ఒక్కొక్క పెట్టెపై 16 పేర్లకే స్థలము కలదు. 185 మంది అభ్యర్థులతోబాటు, వీరెవరును వద్దని చెప్పుటకు వేరొక మీట కావలెను. మొత్తము 186. దీనిని 16చే భాగించినచో 11 వచ్చి 10 మిగులును. దశాంశములలో అది 11.625. వేరొక చోటనైనచో దీనిని ఇంచుమించుగా పదునొకటిన్నర యని సరిపెట్టుకొనవచ్చును. కాని 11 పెట్టెలతో సరిపెట్టినచో పది మీటలకు చోటు లేకుండును. ఎన్నికలో ఒక్క పేరును విడువరాదు. కావున ప్రతి పోలింగు కేంద్రమున 12 పెట్టెలను వరుసగా అమర్చిరి. కొన్ని భాగహారములలో శేషమును విడిచివేయవచ్చును; కొన్నిటిలో శేషమే ముఖ్యము. శేషము వెనుక మనుష్యులున్నప్పుడు దానిని విడువరాదు. ఆ ఎన్నికలో రైతులెవరును గెలువలేదు. అయినను వారి సంఖ్య దేశమంతట వార్త ఆయెను. 2023 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము జాతీయ పసుపు బోర్డును ప్రకటించెను. 2025 జనవరి 14న, సంక్రాంతి దినమున, ఆ బోర్డు నిజామాబాదు ముఖ్యస్థానముగా ప్రారంభమాయెను.

మూడవ ప్రశ్న మిక్కిలి ముఖ్యమైనది. సగటులో ఏది మరుగుపడినది? ఒక బాలుడు ఐదు ఆటలలో వరుసగా 5, 10, 12, 15, 108 పరుగులు చేసెననుకొందము. మొత్తము 150, సగటు 30. కాని ఆ బాలుడు ఏ ఆటలోను ముప్పదికి దరిదాపుల పరుగులు చేయలేదు. పరుగులను చిన్నదాని నుండి పెద్దదాని వరకు వరుసగా వ్రాసి నడిమి అంకెను చూచినచో అది 12. దీనిని మధ్యగతమందురు. సగటు 30 అని చెప్పుటయు నిజమే. మధ్యగతము 12 అని చెప్పుటయు నిజమే. రెండును కలిపి చెప్పినప్పుడే ఆ బాలుని ఆట తెలియును.

హైదరాబాదులో జన్మించిన వి. వి. ఎస్. లక్ష్మణ్ భారతదేశము తరపున 1996 మొదలు 2012 వరకు 134 టెస్టులు ఆడెను. 225 ఇన్నింగ్సులలో 8,781 పరుగులు చేసెను. 8,781ని 225చే భాగించినచో సుమారు 39 వచ్చును. కాని గ్రంథములలో ఆయన సగటు 45.97 అని యుండును. ఇందులో దోషము లేదు. ఆయన 34 మారులు ఔట్ కాకుండ మిగిలెను. క్రికెట్ సగటునకు పరుగులను ఇన్నింగ్సులచే గాక, ఔటైన మారులచే భాగింతురు. 225లో 34 తీసివేసినచో 191. ఆ 191చే భాగించినందున 45.97 వచ్చినది.

2001 మార్చిలో కలకత్తా ఈడెన్ గార్డెన్సు మైదానమున ఆస్ట్రేలియాతో జరిగిన టెస్టును ఇప్పుడు పరిశీలింపవలెను. ఆస్ట్రేలియా అంతకు ముందు వరుసగా 16 టెస్టులు గెలిచియుండెను. ఈ టెస్టులో ఆ జట్టు 445 పరుగులు చేయగా భారతదేశము 171 పరుగులకే ముగిసెను. 274 పరుగులు వెనుకబడి, మన జట్టు వెంటనే మరల బ్యాటు పట్టవలసివచ్చెను. అప్పుడు లక్ష్మణ్ 281 పరుగులు చేసెను. ఆయనయు రాహుల్ ద్రావిడును కలసి 376 పరుగులు జోడించిరి. నాలుగవ దినమున ఒక్క వికెట్టును పడలేదు. తుదకు భారతదేశము 171 పరుగుల తేడాతో గెలిచెను. ఈ 281 పరుగులను లక్ష్మణ్ లెక్క నుండి తీసివేసినచో మిగులునవి 8,500 పరుగులు, ఔటైన మారులు 190, సగటు 44.74. అనగా ఆ మహత్తరమైన ఇన్నింగ్సు ఆయన సగటును ఒకటింబావు పరుగులకంటె ఎక్కువ పెంచలేదు. దేశమంతయు చిరకాలము తలచుకొను ఆట సగటులో దాదాపు కనబడకుండ పోయినది. జీవితమున కొన్ని దినములు తక్కిన దినములన్నిటి కంటె బరువైనవి. సగటు వానిని ఒక దినముగానే ఎంచును.

ఆటలో ఇట్లు మరుగుపడినది సంతోషము. వర్షములో మరుగుపడునది ప్రమాదము కావచ్చును. వర్షపాతము మిల్లీమీటర్లలో చెప్పబడును. వాన నీటిని లీటర్లలో గాక పొడవుతో ఏల కొలుతురు? నిలువుగోడలు గల రెండు పాత్రలను ఆరుబయట ఉంచినచో, ఒకదాని నోరు వెడల్పయినను, వేరొకదాని నోరు ఇరుకైనను, రెండింటిలోను నీరు ఒకే ఎత్తునకు నిండును. నోరు పెద్దదైన పాత్రలో ఎక్కువ నీరు పడును గాని అడుగును అంతే పెద్దది. కావున ఎత్తును చెప్పిన చాలును. అది పాత్రకును, పొలమునకును, ఊరికిని చెల్లును. మన పూర్వులును ఈ సంగతి ఎరుగుదురు. ధాన్యాగారము ముందు మూరెడు వెడల్పు నోరు గల కుండను వర్షమానముగా ఉంచవలెనని కౌటిల్యుని అర్థశాస్త్రము చెప్పుచున్నది. నేడు వాతావరణ కేంద్రములలో ప్రతి దినము ఉదయము ఎనిమిదిన్నర గంటలకు, గడచిన 24 గంటలలో పడిన వానను కొలిచి వ్రాయుదురు.

ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన కురిసినచో అది సరిగా ఒక లీటరు నీరు. ఎకరమునకు సుమారు 4,047 చదరపు మీటర్లు. కావున ఒక మిల్లీమీటరు వాన ఎకరమునకు 4,047 లీటర్ల నీటిని తెచ్చును. నిజామాబాదు ప్రాంతమున సంవత్సరమునకు సగటున సుమారు వేయి మిల్లీమీటర్ల వాన కురియును. దీనిని 365 దినములకు పంచినచో దినమునకు మూడు మిల్లీమీటర్లయినను రావు. ఆ సగటును మాత్రమే చూచినవానికి ఈ ప్రాంతమున ప్రతి దినము సన్నని జల్లు కురియునని తోచును. అట్టి వానను ఆర్మూరు రైతు ఏనాడును ఎరుగడు. వేసవిలో నెలలకొలది చుక్క రాలదు. వానకాలమున కొన్ని దినములలోనే సంవత్సరపు నీరు దిగును.

2023 జులై చివరి వారమున ఆర్మూరునకు సమీపముననున్న వేల్పూరులో 24 గంటలలో సుమారు 460 మిల్లీమీటర్ల వాన కురిసెను. ఒక్క దినమున 204.4 మిల్లీమీటర్లను మించిన వానను వాతావరణ శాఖ అత్యంత భారీ వర్షమని పేర్కొనును. వేల్పూరు వాన అంతకు రెండింతలకు మించినది. సంవత్సరపు వానలో దాదాపు సగము. ఆ వారముననే ములుగు జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క దినమున సుమారు 650 మిల్లీమీటర్లు కురిసి, తెలంగాణములో అంతవరకు నమోదైన ఒక దినపు వానలన్నిటిని మించెను. వేల్పూరు వానను ఎకరమునకు లెక్కించి చూడవలెను. 4,047ను 460చే గుణించినచో 18,61,620 లీటర్లు. 5,000 లీటర్ల నీటి ట్యాంకర్లు 372 తెచ్చి ఒక్క ఎకరములో కుమ్మరించినట్లాయెను.

పసుపు నీటిని కోరు పంటయే గాని, నిలువనీటిని సహింపదు. మొదళ్ళలో నీరు నిలిచినచో దుంపకుళ్ళు సోకును. పైకి ఆకులు పచ్చగనే యుండును. అడుగున దుంప మెత్తబడుచుండును. అందుచేత చేనిలో ఎత్తైన మళ్ళు తీర్చి, మురుగుకాలువలు త్రవ్వుదురు. ఆ కాలువను ఏ వానకు తగినట్లు త్రవ్వవలెను? సగటు వానకు త్రవ్విన కాలువ సగటు దినమున పనికివచ్చును; అవసరమైన దినమున పనికిరాదు. చెరువు కట్టకును, ఊరి వంతెనకును ఇదియే నియమము. విత్తనము ఎంత చల్లవలెనో సగటు చెప్పగలదు. కట్ట ఎంత ఎత్తుండవలెనో చెప్పవలసినది పాత పుస్తకములలో దొరకు మిక్కిలి పెద్ద వాన.

పాత పుస్తకముల విలువను చూపిన ఒక వృత్తాంతము కలదు. 1926లో ఒరిస్సాలో బ్రాహ్మణీ నదికి గొప్ప వరద వచ్చెను. నది అడుగు మెరకపడినందుననే వరద పొంగినదనియు, గట్లను ఇంకను ఎత్తుచేయవలెననియు నిపుణులు తలచిరి. ప్రశాంత చంద్ర మహలనోబిస్ అను శాస్త్రజ్ఞుడు ఆ ప్రాంతపు వర్షపాతమును, నదీ మట్టములను సుమారు 60 సంవత్సరముల లెక్కలనుండి పరిశీలించెను. నది అడుగు మెరకపడలేదనియు, ఎగువ ప్రదేశమున కురిసిన అధికవర్షమే వరదకు కారణమనియు తేల్చెను. అందరికిని తోచిన మాట ఒకటి. అంకెలు చూపిన నిజము వేరొకటి.

ఆ మహలనోబిస్ 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించెను. ఆయన జన్మదినమైన జూన్ 29ని మన దేశములో గణాంక దినోత్సవముగా జరుపుదురు. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితమభ్యసించిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో ఆ సంస్థలో చేరెను. చిన్న వయస్సుననే, 1945లో, ఆయన ప్రకటించిన వ్యాసము ప్రపంచమందలి గణాంకశాస్త్రజ్ఞుల కందరికి పాఠ్యమాయెను. కొద్దిపాటి కొలతలనుండి ఎంతవరకు నిజమును రాబట్టవచ్చునో, అంతకు మించి రాబట్టజాలని హద్దు ఏదియో ఆయన నిరూపించెను. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంక బహుమతి లభించెను. ఆ సంవత్సరముననే ఆగస్టు 22న, 102 ఏండ్ల వయస్సున, ఆయన పరమపదించెను.

మహలనోబిస్ బుద్ధిబలము గొప్పదే. కాని ఆయన చేతికి ఆ 60 సంవత్సరముల లెక్కలు ఇచ్చినవారెవరు? వారి పేర్లు ఎవరికిని తెలియవు. వానలో తడిసియో, ఎండలో నడచియో, ప్రతి ఉదయము కొలపాత్ర యొద్దకు పోయి, నీటి ఎత్తును చూచి, పుస్తకములో ఒక అంకె వ్రాసి వచ్చిన సామాన్యోద్యోగులు వారు. వాన లేని దినమున సున్న వ్రాసిరి. ఆ సున్నయు వరదనాటి లెక్కకు అవసరమైనది. వేల్పూరులో 2023లో కొలిచి వ్రాసిన అంకెయు అట్లే నిలిచియుండును. ఇక ముందు ఆ ప్రాంతమున చెరువుకట్ట వేయువారు, వంతెన కట్టువారు దానిని తెరచి చూడవలసియుండును. నిలువుగోడల డబ్బా ఒకటి, కొలబద్ద ఒకటి, నోటుపుస్తకము ఒకటి ఉన్నచో పాఠశాల ఆవరణలోను ఈ పనిని నేడే ఆరంభింపవచ్చును.

ప్రశ్నలు

1. ఏ అంకె ఎదురైనను వేయవలసిన మూడు ప్రశ్నలెవ్వి? ఒక్కొక్కదానికి ఒక ఉదాహరణము వ్రాయుము.
2. 10,500 రూపాయల సగటు ధరకు సరకంతయు ఇచ్చిన రైతు ఎట్లు నష్టపడును? 5 క్వింటాళ్ళ కాడి, 10 క్వింటాళ్ళ గోళ యున్నచో ఫలితమెట్లుండును? లెక్కించి చూపుము.
3. 281 పరుగుల ఇన్నింగ్సు లక్ష్మణ్ సగటులో ఏల స్పష్టముగా కనబడదు?
4. చెరువుకట్టను సగటు వర్షమును బట్టి నిర్మింపరాదనుటకు కారణమేమి?
5. వాన లేని దినమున సున్న వ్రాయుట ఏల అవసరము? నీ సొంత మాటలలో వివరింపుము.